ఎనిమిదో గుమ్మం

మా ఆయన గురక ఆగిపోయింది.

పెళ్ళయిన నాటినుంచీ ఆ గురక ఆగాలని నేను మొక్కని దేవుడు లేడు. అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం, పప్పుచారు, గుమ్మడి వడియాలు తిని దివాన్ మీద ఒరిగిన మనిషి నుంచి చప్పుడు ఠక్కున ఆగిపోతే ముందు హాయిగానే అనిపించింది. పక్కకు తిరిగి పడుకున్నాడు కాబోలు అనుకున్నాను. నా ధ్యాసంతా చేతిలో ఉన్న సబ్బుపెట్టె మీద ఉంది.

నిజంగా సబ్బుపెట్టే. లేత నీలం ప్లాస్టిక్‌ది. మూతకు చిల్లులు పెట్టి మూడు బుల్లి దీపాలు బిగించాను. లోపల ఒక చిన్న సర్క్యూటు, రెండు సెల్లులు. దాని పనల్లా తలుపులు తట్టడం. నెట్‌వర్క్‌కు తగులుకున్న ప్రతి వస్తువుకూ, అది ఫోనైనా ఫ్రిజ్ అయినా, పోర్టులుంటాయి. పోర్టంటే గుమ్మం అనుకోండి. ఒక గుమ్మంలోంచి బొమ్మలొస్తాయి, ఇంకో దాంట్లోంచి ఆజ్ఞలొస్తాయి, మిగతా వేల గుమ్మాలు మూసి ఉండాలి. నా పెట్టె ఒకటో నంబరు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే తట్టుకుంటూ పోతుంది. మూసి ఉంటే పచ్చ దీపం. తెరిచి ఉంటే ఎర్ర దీపం వెలిగించి ఆ గుమ్మంలోనే నిలబడిపోతుంది. అక్కడ అప్పటికే వేరే ఎవరైనా ఉంటే పసుపు దీపం. అంతకు మించి దానికేమీ తెలియదు.

టీవీని తట్టాను, నీళ్ళ మోటారును తట్టాను, కాలింగ్ బెల్లును తట్టాను. తరవాత పెట్టెకు పేరు లేని వస్తువొకటి దొరికింది. మా ఇంట్లో నాకు తెలియని వస్తువేమిటా అనుకుంటూ ఉండగానే పచ్చ, పచ్చ, పచ్చ అంటూ పోయి ఒకచోట ఎర్రగా వెలిగింది. గురక ఆగింది అప్పుడే.

తల తిప్పి చూశాను. ఆయన పక్కకు తిరగలేదు. వెల్లకిలా అలాగే పడుకుని ఉన్నాడు. బనీను కింద రొమ్ము కదలడం లేదు.

ఎలా లేచానో తెలియదు. పెట్టె చేతిలోంచి జారి నేలకు కొట్టుకుని సెల్లులు ఊడి సోఫా కిందకు దొర్లిపోయాయి. భుజాలు పట్టుకుని ఊపాను, చెంప మీద కొట్టాను. నీళ్ళలోంచి పైకి తేలిన మనిషిలా పెద్దగా ఊపిరి పీల్చి కళ్ళు తెరిచాడు.

"ఏంది హైమా? కాఫీ పెట్టావా?"

ఆయన ముంజేయి పట్టుకుని నేల మీద కూలబడ్డాను.

మూడేళ్ళ క్రితం మా వైపు ఒక జ్వరం వచ్చింది. వచ్చి, కొందరి నరాల్లో ఒక తంతువు తెంపేసి పోయింది. మెలకువగా ఉంటే వాళ్ళకేమీ కాదు, అందరిలాగే ఊపిరి పీలుస్తారు. నిద్రపోతే మాత్రం పీల్చడం మరిచిపోతారు. మనుషులు నిద్రపోయి లేవని ఇళ్ళు మా వీధిలోనే మూడున్నాయి. అప్పుడు మా సంస్థ యజమాని పానకాలరావుగారు, తనకూ ఆ జబ్బు తగిలి చావు తప్పి బయటపడ్డవాడు, ఉన్నదంతా ఊడ్చి పెట్టి మంగళగిరిలో శ్వాసికను తయారుచేయించాడు. రూపాయి బిళ్ళంత ఉంటుంది. కంఠపు ఎముక కింద, చర్మం లోపల పెడతారు. మనిషి నిద్రపోగానే నరాన్ని మీటి ఊపిరి పీల్చమని గుర్తు చేస్తుంది. ఎంత వేగంగా మీటాలో లెక్క చెప్పేది మాత్రం ఆస్పత్రి కంప్యూటరు. ఆ లైను అందనిచోట శ్వాసిక వట్టి లోహపు ముక్క. మా ఆయన శేషుబాబు, డ్రాయింగు మాస్టారు, మూడేళ్ళుగా ఆ లైను దాటి ఎక్కడా నిద్రపోలేదు.

ఈ కష్టం తీర్చడానికే శ్వాసికలన్నిటినీ ఆస్పత్రి లైను నుంచి మామూలు నెట్‌వర్క్‌కు మార్చాలని సంస్థ నిర్ణయించింది. బుధవారం ఉదయం ముహూర్తం. ఇక రోగులు ఊరు దాటి ఎక్కడైనా పడుకోవచ్చు. సంతోషమే కానీ ఆస్పత్రి లైనంటే ప్రహరీ ఉన్న ఇల్లు. మామూలు నెట్టంటే నడిబజారు. బజార్లో పెట్టే ముందు గుమ్మాలన్నీ మూసున్నాయో లేదో చూడొద్దా? మా ల్యాబులో లక్షలు పోసి కొన్న యంత్రం ఉంది. అది మహా పెద్దమనిషి. కాగితం మీద ఏ గుమ్మాలున్నాయో వాటినే తట్టి, అంతా క్షేమం అంటుంది. నాకు ఒళ్ళు మండి ఈ సబ్బుపెట్టె తయారుచేశాను. దీనికి కాగితాలు తెలియవు.

ఆ రాత్రి ఆయన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకని అడిగితే శ్వాసికలో ఏదో తేడా ఉంది, రేపు త్రిపురను అడుగుతాను అన్నాను. ఆయన పేకముక్కలు తీశాడు. తెల్లారేదాకా ఆడి, కళ్ళు నులుముకుంటూ బడికి వెళ్ళాడు.

త్రిపురసుందరి శ్వాసికలో నడిచే ప్రోగ్రాం రాసిన మనిషి. నాకంటే పెద్దది, నెమ్మదస్తురాలు. సోమవారం ల్యాబులో నేను చెప్పిందంతా వింది. ఎర్ర దీపం వెలిగిన నంబరు చెప్పగానే దొంగకు తేలు కుట్టినట్టు గమ్మునైపోయింది.

"అక్కా, మాట్లాడు."

"అది ఎనిమిదో గుమ్మం," అంది చివరికి.

"ఉన్నవి ఏడేగా?"

"ఏడే పెట్టాను. సారు డిజైను చూసి గుమ్మాలు లెక్కపెట్టారు. ఏడా, బేసి సంఖ్యా, ఇంటికైతే ఒప్పుకుంటామా అన్నారు. సిద్ధాంతిగారిని కూడా పిలిపించారు. గుమ్మాలు సరి సంఖ్యలో ఉండాల్సిందేనన్నాడాయన. అవి వేరు, ఇవి వేరు సార్ అని ఎంత మొత్తుకున్నా వింటేగా! ఇంకోటి పెట్టి దాని వెనక గోడ కట్టెయ్యి అన్నారు."

"కట్టావా మరి?"

"డాక్టరు గుమ్మాన్నే నకలు తీసి పెట్టా హైమా. ఆపరేషను బల్ల మీద డాక్టరు తడితే శ్వాసిక మీటడం ఆపి, ఏం చెయ్యమంటారని ఎదురుచూస్తుంది. డాక్టరు 'కానివ్వు' అంటే మళ్ళీ మొదలెడుతుంది. అసలు దానికి తాళం ఉంది. నకలుకు తాళం ఎందుకులే, ఎవరొస్తారు, ఆస్పత్రి లైనేగా అనుకున్నా. ఆగి ఎదురుచూసే గుణం కూడా నకలుతో పాటు వచ్చేసిందని నాకు తట్టలేదు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా ఉంది సంగతి. ఎవరైనా సరే, ఊరికే తడితే చాలు. తట్టినవాళ్ళు వెళ్ళేదాకా నిద్రలో ఉన్న మనిషికి ఊపిరి ఆడదు.

"బుధవారం ముహూర్తం ఆపించాలి, పద," అన్నాను.

త్రిపుర లేవలేదు. నా సబ్బుపెట్టెనే చూస్తోంది. "ఒక్కమాట చెప్పు. నువ్వు తట్టింది మీ ఇంటి నెట్‌లోంచి. మీ ఆయన ఉన్నది ఆస్పత్రి లైను మీద. నీ పెట్టెకు ఆయన ఎట్టా దొరికాడు?"

ఆ ప్రశ్న నాకు రాత్రే రావలసింది.

పానకాలరావుగారి గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్ళాం. ఆయన పూజారితో ఫోనులో మాట్లాడుతున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టగానే ఫోను పక్కన పెట్టాడు. అంతా విని, "ఇన్నాళ్ళూ ఏం కాలేదుగా అమ్మాయ్?" అన్నాడు.

"ఇన్నాళ్ళూ లైను వేరండీ. మా ఆయన శ్వాసిక ఇప్పుడు ఏ లైను మీదుంది?"

ఆయన ముఖంలో చిన్నపిల్లవాడి తప్పులాంటిది కనిపించింది. "బోణీ చేయించానమ్మా. బుధవారం అందరికీ మార్చేముందు ఒక మంచి చేత్తో మొదలెడదామని. శేషుబాబు చెయ్యి మంచిదని బజారంతా చెబుతారు. కొట్టు తెరిచినా ఆయన చేతేగా మొదటి బేరం చేయిస్తారు. శనివారం మంచి ఘడియ చూసి ఆయన్ది మార్పించా. నీకు చెప్పొద్దన్నాడు. సూర్యలంక తీసుకుపోయి, అక్కడ సముద్రం దగ్గర రెండు రోజులుండి, అప్పుడు చెబుతాడంట."

ఆ క్షణంలో నాకు వాళ్ళిద్దరి మీదా వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ కోపం కింద భయం కూడా పొంగుకొచ్చింది. శనివారం నుంచీ ఆయన నడిబజార్లో పడుకుంటున్నాడు.

"ఎనిమిదోది ఇప్పుడే మూసెయ్యండి సార్," అన్నాను.

"మూస్తే ఏడవుతాయే," అన్నాడు ఆయన. చెయ్యి తన కంఠం కిందకు పోయింది. "నా రొమ్ములో కూడా ఉంది అమ్మాయ్ అది. ఏడంటే నాకు భయం."

"మూయాలంటే ప్రోగ్రాం మార్చాలి, ఈ రోజుకు కాదు," అని త్రిపుర మధ్యలో అందుకుంది. "ముందు శేషుబాబుగారు మెలకువగా ఉన్నారేమో కనుక్కో."

ఫోను చేశాను. మోగుతోంది, తియ్యడం లేదు. మళ్ళీ చేశాను. గోడ గడియారం చూస్తే బడిలో మధ్యాహ్న భోజనాల వేళ. రాత్రంతా నేనే మేలుకోబెట్టిన మనిషి అన్నం తిన్నాక ఏం చేస్తాడో నాకు తెలుసు.

ఆయన బడి పెదవడ్లపూడిలో. త్రిపురను వెనక కూర్చోబెట్టుకుని స్కూటరు ఎలా నడిపానో ఆ దారికే తెలియాలి. రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి తీరిగ్గా పోతోంది. నేను హారను కొడుతూనే ఉన్నాను, రైలు నా హారను విని తప్పుకుంటుందన్నట్టు. పక్కన పాలక్యాన్లతో ఉన్న మనిషి నా ముఖం చూసి తన బండి వెనక్కి లాక్కుని దారి ఇచ్చాడు.

బడి ఆవరణంతా పిల్లల గోల. డ్రాయింగు గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. రెండు బల్లలు కలిపి, తల కింద పిల్లల డ్రాయింగు పుస్తకాల బొత్తి పెట్టుకుని పడుకుని ఉన్నాడు. గురక లేదు. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

అరిచానట. నాకు గుర్తు లేదు. త్రిపుర నీళ్ళ సీసా ముఖం మీద గుమ్మరించింది, నేను చెంపలు వాయించాను. కుడి చెంప మీద నా వేళ్ళు అచ్చు పడేదాకా కొట్టాను. అప్పుడు ఆయన గొంతులోంచి చిరిగిన గుడ్డ లాంటి చప్పుడొచ్చింది. పీల్చాడు. దగ్గాడు. మళ్ళీ పీల్చాడు.

"ఎన్నాళ్ళ కసి తీర్చుకున్నావే," అన్నాడు, గొంతు పెగలగానే.

ఆయన్ను పట్టుకుని ఏడ్చాను. సూర్యలంక సంగతి తెలిసిందని చెప్పి, ఆ ఏడుపులోనే తిట్టాను. ఆయన తల వంచుకుని విన్నాడు.

ఈసారి నేను తట్టలేదు. నా పెట్టె చేతిసంచిలో సెల్లులు తీసేసి ఉంది. అంటే ఎవరో తట్టారు.

త్రిపుర ఆస్పత్రికి ఫోను చేసింది. కొత్త లైనుకు ఒక్క ఆజ్ఞతో మారేటప్పుడే పాత లైను దారి చెరిగిపోతుందట, తిరిగి మార్చాలంటే చర్మం కోసి లోపలి చిప్పు మార్చాలట. పాత చిప్పులు అయిపోయాయి, గురువారానికి గానీ రావు. ముక్కుకు మిషను పెట్టిద్దామంటే శ్వాసిక ఉన్నవాళ్ళకు అది కుదరదట. ఒకటి పీల్చమన్నప్పుడు ఇంకొకటి వదలమంటుంది. గురువారం దాకా నిద్రపోకుండా చూసుకోండి అన్నారు, అదేదో ఉపవాసమైనట్టు.

"ఒక దారుంది," అంది త్రిపుర. "ఆ గుమ్మంలో ఒకసారి ఒక్కరే పడతారు. మనమే ముందు దూరి, 'కానివ్వు' అని చెప్పి, అక్కడే నిలబడితే? శ్వాసిక మీటుతూనే ఉంటుంది. ఇంకెవరూ లోపలికి రాలేరు."

సెల్లులు వేశాను. త్రిపుర తన ల్యాప్‌టాప్ తగిలించి ఆ ఒక్కమాటా నా పెట్టెకు నేర్పింది. బయటివాళ్ళెవరైనా తట్టి వెనక్కి పోతే పసుపు దీపం మిణుకుమనేట్టు కూడా చేసింది. ఆయన మళ్ళీ బల్ల మీద వాలాడు. ఎర్ర దీపం వెలిగింది. నేను ఆయన రొమ్ము మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను. కాసేపటికి గురక మొదలైంది. ఆ గురకను నేను అంత ప్రేమగా ఎప్పుడూ వినలేదు.

పానకాలరావుగారు కారులో వచ్చేసరికి ఆయన గాఢనిద్రలో ఉన్నాడు. పెద్దాయన చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. పెట్టె మీద పసుపు దీపం మిణుకుమంది. కాసేపాగి మళ్ళీ మిణుకుమంది.

"ఏందమ్మాయ్ అది?"

"ఎవరో తట్టారండీ. మనం అడ్డంగా ఉన్నాం కాబట్టి పోయారు."

"ఎవరు వాళ్ళు?"

"ఎవరో. ఏ దేశంలోనో నాలాగే ఒక పెట్టె తయారుచేసుకుని, దొరికిన గుమ్మమల్లా తట్టుకుంటూ పోయేవాళ్ళు. మనిషి ఉన్నాడని వాళ్ళకు తెలియదు."

దీపం మళ్ళీ మిణుకుమంది. ఆయన పెదవులు ఆడాయి. లెక్కపెడుతున్నాడో, దండకం చదువుతున్నాడో. తరవాత ఫోను తీసి ల్యాబుకు చేసి, ముహూర్తం రద్దు, ఎవరి లైనూ మార్చొద్దు అన్నాడు. అవతలివాళ్ళు ఏదో అంటే, "ఏడైతే ఏడు. మూసేయమని చెప్పా కదా!" అని కసిరాడు. శ్వాసికలున్న రెండు వేలమంది బతికారు. నాకు ఆ సంతోషం కలగలేదు, నా కళ్ళు ఎర్ర దీపం మీద ఉన్నాయి. అది ఇందాకటి కంటే మసకగా ఉంది.

ఇల్లంతా చుట్టి రావడానికి సరిపడా సెల్లులు వేసిన పెట్టె అది. కాపలా కాయడానికి చేసింది కాదు. గోడకు తగిలించే తీగ కూడా పెట్టలేదు. పానకాలరావుగారి డ్రైవరు సెంటరుకు పరిగెత్తి కొత్త సెల్లులు తెచ్చాడు. మార్చాలంటే పెట్టె ఆపాలి, ఆపాలంటే ఆయన మేలుకోవాలి.

"లేవండి," అన్నాను.

"కాసేపాగు."

"లేచి కూర్చుని ఊపిరి పీల్చుకోండి. సెల్లులు మార్చి మళ్ళీ పడుకోబెడతాను."

లేచి కూర్చున్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నేను పాత సెల్లులు పీకి కొత్తవి వేసి మూత నొక్కాను. రెండు మెటికలు విరిచినంత సేపు పట్టిందేమో. పెట్టె తట్టింది.

పసుపు దీపం వెలిగింది. మిణుకుమనడం లేదు. నిలకడగా వెలుగుతోంది.

"దూరారు," అంది త్రిపుర.

"పోతారుగా. ఇందాక అందరూ పోయారుగా," అన్నాను.

నలుగురం ఆ దీపాన్నే చూస్తూ కూర్చున్నాం. బయట సాయంత్రపు విరామం అయిపోయినట్టు గంట కొట్టారు. పిల్లలు తరగతుల్లోకి పరిగెత్తిన చప్పుడు, తరవాత నిశ్శబ్దం. పసుపు దీపం అలాగే ఉంది. ఈ వచ్చినవాడు తట్టి పోయేరకం కాదు. గుమ్మం తెరిచి ఉందని చూసి, లోపల ఏముందోనని నిలబడ్డాడు.

"బయటికి పొమ్మని చెప్పలేమా?" అన్నాడు పానకాలరావుగారు.

"చెప్పాలంటే మనం లోపల ఉండాలండీ," అంది త్రిపుర.

మా ఆయన బల్ల దిగి నా భుజం పట్టుకున్నాడు. "పద హైమా, నడుద్దాం. కూర్చుంటే కళ్ళు మూతలు పడతన్నాయి. ఏదన్నా మాట్లాడు. తిట్టినా సరే."

బడి ఆవరణలోకి తీసుకొచ్చాను. ఎండలో నడిపించాను. ఆయన బరువు కొద్దికొద్దిగా నా మీద పడుతోంది. తిట్టాను, నాకు చెప్పకుండా బోణీకి ఒప్పుకున్నందుకు. తిట్లయిపోయాక మా పెళ్ళిచూపుల కబుర్లు చెప్పాను, ఆయన వేసిన మా అమ్మ బొమ్మలో ముక్కు వంకర పోయిన సంగతి చెప్పాను. ఊఁ అన్నాడు. ఇంకా చెప్పాను. ఊఁ అన్నాడు. నా గొంతు ఎండిపోయింది. ఒకచోట ఊఁ రాలేదు. చూస్తే నడుస్తూనే కళ్ళు మూసుకున్నాడు. ముంజేతి మీద గోళ్ళు దిగేట్టు గిల్లాను.

"నిద్ర కాదే," అన్నాడు కళ్ళు తెరిచి. తెరిచి, పెద్దగా ఆవలించాడు.

వరండాలో త్రిపుర పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. దూరం నుంచే తల అడ్డంగా ఊపింది. గురువారం ఇంకా చాలా దూరంలో ఉంది. నాకు చెప్పడానికి ఇంకేమీ తోచలేదు. అయినా మొదలుపెట్టాను. అనగనగా ఒక ఊళ్ళో ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవాడట అన్నాను.

ఆయన ఏమీ అనలేదు.

"ఊఁ కొట్టండి," అన్నాను. "ఏమండీ, ఊఁ కొట్టండి."